కొండబాబు మెడలో తాళంచెవి

నేను ఒక ఇత్తడి తాళంకప్పను. మనుషులు ఒకరినొకరు నమ్ముకుంటే నన్ను పోతపోసేవారే కాదు. అచ్చులోంచి బయటపడి, ఆకురాయి దెబ్బలు తిని, అనకాపల్లిలో ఒక ఇనుప కొట్టు గోడకి ఏడాది వేలాడాక నన్ను నూకరత్నం కొనుక్కుంది.

బెల్లం మార్కెట్లో దిమ్మలకు గోనె చుట్టే పని ఆమెది. ఇంట్లో తమ్ముడు కొండబాబు ఉన్నాడు. ముప్పై రెండేళ్ల మనిషి, బుద్ధి మాత్రం చిన్నపిల్లాడిది. ఒకసారి రైలు పట్టాల వెంట నడుచుకుంటూ పోయాడు. అప్పట్నుంచి ఆమె పనికి వెళ్తూ నన్ను బయట గడియకు తగిలించేది. అతను లోపల్నుంచి తలుపు కొట్టేవాడు. మొదట్లో గట్టిగా, పోనుపోను మెల్లగా, చివరికి మానేశాడు. అదంతా నా గొప్పేనని మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంతలో సుగుణ టీచరు మా వీధిలోకి వచ్చింది. ఇలాంటి పిల్లల బడిలో పనిచేసి రిటైరైన మనిషి. పద్దెనిమిది దాటితే బడి వీళ్లను ఇంటికి పంపేస్తుంది, ఇల్లు తలుపేసేస్తుంది, పెద్దవాళ్లయ్యాక వీళ్లెక్కడికి పోవాలంటూ ఒక పాత పెంకుటింట్లో పగటి కేంద్రం తెరిచింది. తొమ్మిది నుంచి నాలుగు దాకా. వీధంతా చెవులు కొరుక్కుంది. సొంతవాళ్లే చూడలేనివాళ్లను ఈవిడెందుకు చూస్తుంది, మందేదో పెట్టి పడుకోబెడుతుందేమో అని. నాకూ అదే అనుమానం. నూకరత్నం వారం రోజులు చూస్తానంది, తేడా వస్తే మళ్లీ ఇంట్లోనే. గేటుకి వేయండి, లేకపోతే పారిపోతాడని నన్ను కూడా అప్పగించింది.

టీచరు నన్ను గేటుకి వేసి, తాళంచెవిని కొండబాబు మెడలో వేసింది. పారిపోయేవాడి చేతికే తాళంచెవి! ఈవిడకు మతైనా లేదు, లేకపోతే ఏదో ఎత్తైనా వేస్తోంది అనుకున్నాను. తొమ్మిదికి తియ్యాలి, అందరూ వచ్చాక వెయ్యాలి, మళ్లీ నాలుగింటికే తియ్యాలి అని అతనికి గడియారం ముళ్లు చూపించి నేర్పింది. మూడు రోజులు నన్ను తిరగేసి మరగేసి గీరాడు. నాలుగో రోజుకి పట్టు దొరికింది. పారిపోతాడని ఎదురుచూశాను, పోలేదు.

ఆరో రోజు రెండింటికే నూకరత్నం చెప్పాపెట్టకుండా ఊడిపడింది. లోపలి సంగతి కళ్లారా చూడాలని.

"తాళం తియ్యరా కొండా."

"నాలుగవలేదప్పా," అన్నాడు తమ్ముడు.

ఆమె మొహం మాడిపోయింది. వీడికి ఎవరో నూరిపోశారని ఖాయం చేసుకుంది.

"లోపలేటి దాస్తన్నారు? రేపట్నుంచి నిన్ను ఇక్కడికి పంపను."

టీచరు పరుగున వచ్చి తియ్యమంది. అతను ఆమె మాటా వినలేదు. మధ్యలో ఎవరైనా వస్తే ఏం చెయ్యాలో ఆవిడ నేర్పడం మరిచిపోయింది మరి. తాళంచెవిని గుప్పిట్లో బిగించి, లోపలికి వెళ్లి గ్లాసుడు నీళ్లు తెచ్చి ఊచల్లోంచి అక్కకి అందించాడు. నీళ్లు తాగుతూ నూకరత్నం తొంగి చూసింది. వసారాలో ఏడుగురు చాప మీద కూర్చుని కాగితం సంచులు అంటిస్తున్నారు. ఒకామె పాడుతోంది. ఎవరూ మత్తులో లేరు. కొండబాబు కూడా వెళ్లి తన చోట్లో కూర్చుని జిగురు అందుకున్నాడు.

నూకరత్నం గట్టు మీద కూలబడింది. వేసిన తలుపు దగ్గర ఎదురుచూడటం ఆమెకదే మొదటిసారి. రెండు గంటలు కూర్చుంది.

నాలుగు కాగానే కొండబాబు వచ్చి ఒక్క తిప్పుతో నన్ను తెరిచాడు. ఆమె తిట్టలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"రేపెన్నింటికి తీస్తావురా?"

"తొమ్మిదికి. నన్ను బేగి తీసుకురా."