ట్రైనీ చేతి బోణీ

షట్టరు పైకి లేస్తున్న చప్పుడు వినగానే రుచిత బ్యాడ్జి సరిచేసుకుని నిలబడింది. పాపకి రాత్రి నుంచి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. మందు ఎప్పుడెయ్యాలో అత్తయ్యకి ఇంట్లో చెప్పి, గుమ్మం దగ్గర చెప్పి, మళ్ళీ ఆటోలోంచి ఫోను చేసి చెప్పింది. "నీ మొగుణ్ణి పెంచినదాన్నేనే తల్లీ, నువ్వెళ్ళు" అని విసుక్కుందావిడ. ఆ ఫోను ఇప్పుడు లాకర్లో ఉంది. అయినా ఆమె భయం పాప గురించే కాదు. ఇవాళ తను అనబోయే మాట గురించి. ఆ మాట బెడిసికొడితే ఉద్యోగం పోతుంది. మొగుడు పవన్‌కుమార్ ఒక్కడి సంపాదనతో ఇల్లు గడవదు.

గవర్నర్‌పేటలో ఆ చీరల కొట్టుకి రుచిత ఇంటర్ మధ్యలో మానేసి వచ్చింది. వచ్చాక పెళ్ళయింది, పాప పుట్టింది, పాప నడక కూడా నేర్చుకుంది. రుచిత మాత్రం ఇంకా నేర్చుకుంటూనే ఉందట. బ్యాడ్జి మీద పేరు కింద 'ట్రైనీ' అన్న మాట అలాగే ఉంది. ఇరవయ్యొకటి నిండేదాకా ఎవరైనా ట్రైనీయేనని బజారులో కొట్లవాళ్ళంతా ఒక మాట మీద ఉన్నారు. ట్రైనీకి సగం జీతం. పని మాత్రం సగం కాదు. కొత్త పిల్లలకి పట్టుచీర మడత చెడకుండా విప్పడం నేర్పేది కూడా రుచితే.

షాపు ఉద్యోగుల యూనియన్ వేసవి నుంచీ దీనిమీదే పోరుతోంది. ఒకే పనికి ఒకే కనీస జీతం, వయసు అడ్డం పెట్టొద్దని. సెక్రటరీ సొలొమోను గారు సిటీ బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి, కొట్టుకొట్టుకీ తిరిగి కరపత్రాలు పంచారు. వర్తకుల సంఘాన్ని చర్చలకి పిలిచినప్పుడల్లా సంఘం ప్రెసిడెంటు గారికి ఎక్కడో ఒక పెళ్ళి తగిలేది. ఆ ప్రెసిడెంటు మరెవరో కాదు, రుచిత ఓనరు వెంకటకృష్ణారావు గారే.

మొన్న ఆదివారం మీటింగులో సమ్మె మాటొచ్చేసరికి ట్రైనీ పిల్లల మొహాలు పాలిపోయాయి. అప్పుడే, ఎన్నడూ నోరు విప్పని రుచిత మెల్లిగా లేచి, "సమ్మె ఎందుకండీ? పనిలోకే వెళ్దాం. బోణీ మాత్రం చెయ్యొద్దు" అంది.

బజారులో అందరికీ తెలుసు బోణీ అంటే ఓనర్లకి ఎంత పట్టింపో. మొదటి బేరం ఒట్టి చేతుల్తో వెనక్కి పోతే ఆ రోజంతా పోయినట్టే. అందుకే తలుపు తీయగానే వచ్చిన మనిషిని చిన్నపిల్లలకే అప్పజెప్తారు, లేత చెయ్యి మంచిదని. సీనియర్ సురేష్ ఒకసారి బోణీ చేస్తే ఆ చీర గంటలో తిరిగొచ్చింది. అప్పట్నుంచి బోణీ అయ్యేదాకా అతను గుమ్మం వైపు చూడ్డానిక్కూడా లేదు.

సొలొమోను గారు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. "ఇన్నేళ్ళు టిక్కెట్లు కొట్టాను గానీ ఈ ముక్క నాకు తట్టలేదమ్మా. సరే, శుక్రవారం మొదటి మాట నీదే."

"నేనాండీ?"

"మరి బోణీ నీదే కదా!"

ఇవాళ ఆ శుక్రవారం. అందులోనూ శ్రావణ శుక్రవారం. ఓనరు గారు గల్లాపెట్టెకి అగరొత్తులు తిప్పుతుండగానే సంచీ పట్టుకుని ఒకావిడ లోపలికొచ్చింది.

"రామ్మా రుచితా, బోణీ చెయ్యి తల్లీ."

రుచిత కదల్లేదు. "నేను ట్రైనీనండి. ఇంకా నేర్చుకుంటున్నాను. సీనియర్లతో చేయించండి."

"ఏంటి పరాచికాలు, పొద్దున్నే?" అంటూ పక్క అమ్మాయి వైపు తిరిగారాయన.

"నేనూ ట్రైనీనేనండి" అందా అమ్మాయి. ఆ పక్కదీ అదే అంది.

సురేష్ గొంతు సవరించుకున్నాడు. "నన్ను చెయ్యమంటారా సార్?"

"నువ్వు అక్కడే ఉండు!" ఓనరు గారు రుచిత దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "ఈ నిమిషంలో ఇంటికి పంపించేస్తా, తెలుసా?"

రుచితకి పాప మొహం కళ్ళముందు మెదిలింది. కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది. "పంపిస్తే పంపండి సార్. రేపు నా బదులు వచ్చే పిల్ల కూడా ట్రైనీయే కదండీ. ఆమె కూడా ఇదే మాట అంటుంది."

"ఏమండోయ్, ఇబ్రహీంపట్నం నుంచి రెండు బస్సులు మారి వచ్చాను. చీర చూపిస్తారా, పక్క కొట్టుకి పోనా?" అంది బేరానికొచ్చినావిడ.

"అయ్యో, కూర్చోండమ్మా! కుర్చీ వెయ్యండ్రా, కూల్‌డ్రింకు తెప్పించండి!" అంటుండగానే ఆయన ఫోను మోగింది. ఎత్తి ఒక్క ముక్క విని, "మీ కొట్లోనూనా?" అన్నారు. పెట్టేశారో లేదో మళ్ళీ మోగింది. బజారులో ఏ కొట్లోనూ బోణీ కాలేదు. ప్రెసిడెంటు గారేం చేస్తారో చెప్పమని అందరూ ఈయన మీదే పడుతున్నారు.

ఆయన చెమట తుడుచుకుని, "ఆ సొలొమోను ఎక్కడున్నాడు?" అన్నారు.

సొలొమోను గారు ఎదురుగా టీ బండి దగ్గరే ఉన్నారు. గ్లాసు కింద పెట్టి నింపాదిగా రోడ్డు దాటొచ్చి, "నమస్కారమండీ. ఇవాళ పెళ్ళిళ్ళేం లేవా?" అన్నారు.

ఇన్నాళ్ళూ కుదరని చర్చలు కౌంటరు పక్కన నిలబడే మొదలయ్యాయి. ఓనరు గారు తగ్గించి ఒక అంకె చెప్తారు, సొలొమోను గారు తల అడ్డంగా ఊపుతారు, ఫోను మోగుతుంది. కుర్చీలో ఆవిడ మధ్యలో కల్పించుకుని, "పిల్లలు అడిగేది న్యాయంగానే ఉంది, ఒప్పేసుకోండి బాబూ, నాకు బస్సు దాటిపోద్ది" అంది. చివరికి, ఆరు నెలలు పనిచేసినవాళ్ళెవరూ ట్రైనీలు కారు, ఈ నెల నుంచే వయసుతో పని లేకుండా అందరికీ ఒకే జీతం అని ప్రెసిడెంటు గారు ఫోన్లో అన్ని కొట్లకీ చెప్పి, కాగితం మీద సంతకం పెట్టారు.

రుచిత బ్యాడ్జి తీసి గల్లాపెట్టె మీద పెట్టింది. మిగతా పిల్లలూ పెట్టారు.

"ఇంక కానీ తల్లీ" అన్నారాయన, బతిమాలుతున్నట్టు.

"ఒక్క నిమిషం సార్. పాపకెలా ఉందో కనుక్కుంటాను."

పనివేళలో లాకరు తెరవడం ఆ కొట్లో ఎవరూ ఎరగరు. ఓనరు గారే పక్కకి జరిగి దారిచ్చారు.

"ఒళ్ళు చల్లబడిందే. ఇడ్లీ తిని ఇల్లు పీకి పందిరేస్తోంది. నీ సంగతేంటి, బోణీ అయిందా?" అంది అత్తయ్య.

"ఇదిగో, ఇప్పుడే చేస్తున్నాను అత్తయ్యా."

ఫోను ఈసారి లాకర్లో కాక నడుముకి దోపుకుని, రుచిత బీరువా పై వరసలోంచి ఆకుపచ్చ మంగళగిరి పట్టు తీసి, ఆవిడ ముందు పరిచింది.