జెరేనియంకి మజ్జిగ

కేంబ్రిడ్జ్‌లో కరివేపాకు మొక్కని ఆరు చలికాలాలు దాటించిన మొనగాడు రాఘవులు ఒక్కడే. ఆ మాట ఎక్కువగా అనేది రాఘవులే. విని విని నమ్మేశారు కాబోలు, ఎదురింటి ఈశ్వరమ్మ గారు అక్టోబరులో కర్నూలు వెళ్తూ తన ఎర్ర జెరేనియం పూలకుండీ తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"మీ అంకుల్ ఆఖరి వేసవిలో కొన్న మొక్క, రాఘవులూ. గరాజ్‌లో చీకట్లో పెట్టు. నెలకి అరగ్లాసు నీళ్ళు, అంతే. ఆకులు రాల్చి నిద్రపోతుంది, కంగారు పడకు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం రాఘవులు. కాలం చేసిన ఆవిడ భర్త త్యాగరాజు గారి మొక్కని గరాజ్‌లో మంచుపార పక్కన పడేయడమా? బేస్‌మెంట్‌లో, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నెస్ దగ్గర, కరివేపాకుకి జోడీగా పెట్టి పైన లైటు బిగించాడు. ఇంటినుంచే చేసే ఆఫీసు మీటింగుల మధ్య కిందికి దిగి పలకరించి వచ్చేవాడు. నవంబరులో రెండాకులు పండాయి. కరివేపాకుకి చేసే వైద్యమే దీనికీ మొదలుపెట్టాడు: వారానికి రెండుసార్లు పలచటి పుల్లమజ్జిగ.

"ఆవిడ నీళ్ళే వద్దన్నారు కదండీ," అంది భార్య సరోజన.

"మొక్కల సంగతి నాకు వదిలెయ్." ఇరవై మందిని మేనేజ్ చేసేవాడికి ఒక కుండీ లెక్కా అని అతని ధీమా.

జనవరిలో వాసన మొదలైంది. సరోజన దోసెపిండిని అనుమానించింది. ఫిబ్రవరిలో వేలితో నొక్కితే కాండం నల్లగా, మెత్తగా ఊడొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు కూర్చుని జెరేనియం గురించి చదివాడు. ఈశ్వరమ్మ గారు రెండు ముక్కల్లో చెప్పిందే అక్కడ ఆరు పేజీల్లో ఉంది. రాఘవులుకి నిజంగా ఏడుపొచ్చింది. పోయిన మనిషి మొక్కని ప్రేమగా చంపిన ఘనత తనకే దక్కింది.

మార్చిలో ఆవిడ వచ్చిన రెండు వారాలకి ధైర్యం చేసి ఖాళీ కుండీతో వెళ్ళాడు. ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాడు గానీ నోట నిజమే వచ్చింది.

"నేనే చంపేశానాంటీ. మజ్జిగ పోసి."

ఈశ్వరమ్మ గారు ఖాళీ కుండీ అందుకుని లోపలికి చూశారు. తర్వాత నవ్వారు.

"అంకుల్ మొక్క కొమ్మలు నాటి ఏటా మూడిళ్ళలో ఇస్తాను నాయనా, రెండు పోయినా ఒకటి మిగులుతుందని. ఇదే అసలు మొక్క అని అందరికీ చెప్తా. అలా అంటేనే జాగ్రత్తగా చూస్తారు. నువ్వు మరీ చూశావు. ఈసారి పక్కవీధి స్టూడెంట్ల దగ్గరది బతికింది."

"వాళ్ళేం వేశారాంటీ?" అన్నాడు రాఘవులు, చేసిన నేరం మరిచి, ఆశగా.

"ఏమీ లేదు. గరాజ్‌లో పెట్టి మర్చిపోయారు."

ఆవిడ కిటికీలో చిగురేసిన ఆ స్టూడెంట్ల కుండీ నుంచి చిన్న కొమ్మ తుంచారు. రాఘవులు రెండు చేతులూ చాపాడు.

"జేబులో పెట్టుకెళ్ళి సరోజనకివ్వు," అన్నారావిడ. "దారిలో ఏమీ చెయ్యకు."