తుల్సీబాయి చెల్క

జేసీబీ మొదటి గుడిసెను తోసినప్పుడు పెద్దగా చప్పుడు కూడా రాలేదు. వెదురు తడకల గోడలు, పైన గడ్డి కప్పు. ఒక్క తోపుకు పక్కకు ఒరిగిపోయి, లోపలున్న సత్తు గిన్నెలు, చాప, జొన్నల కుండ ఎండలోకి వచ్చి పడ్డాయి. రెండో గుడిసె కూలేటప్పుడు మౌనిక చూసింది. ఆ తర్వాత తల తిప్పుకుంది.

భూపాలపల్లి అడవిలో, తారు రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి కాలిబాటన పోతే వచ్చే గుంపు అది. అక్కడున్న వాళ్లంతా ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చిన ఆదివాసీలు. సొంతూళ్లో ఇటూ తుపాకులే, అటూ తుపాకులే. మధ్యలో బతకలేక పిల్లల్ని చంకనేసుకుని గోదావరి దాటారు. అప్పుడు చంకనెక్కి వచ్చిన పిల్లలు ఇప్పుడు తల్లులయ్యారు. అయినా ప్రభుత్వం లెక్కలో వాళ్లు ఇక్కడివాళ్లు కాదు. అక్కడివాళ్లూ కాకుండా పోయి చాలా కాలమైంది.

మౌనిక వలసల మీద పరిశోధన చేస్తోంది. మరిపెడ దగ్గరి లంబాడా తండాలో పుట్టి, హైదరాబాదులో ఒక పరిశోధనా సంస్థలో కాంట్రాక్టు మీద చేరింది. వలస వచ్చినవాళ్ల విషయంలో రాష్ట్రం ఎట్లా ఉండాలో చెప్పే కొత్త విధానం తయారుచేసే పని ఆ సంస్థకు దక్కింది. దాని కోసమే ఆమె, తోటి పరిశోధకుడు ప్రశాంత్ ఈ గుంపుకు వస్తూ పోతూ ఉండేవాళ్లు. దేవె అనే అమ్మాయి ఇంట్లో అంబలి తాగారు, ఆమె పరిచిన చాప మీద పడుకున్నారు. ఎందుకొచ్చారు, ఎట్లా వచ్చారు, ఏం తిని బతుకుతున్నారు అని అడగాల్సినవన్నీ అడిగారు. గుంపులోవాళ్లు దాచకుండా చెప్పారు. చెబితే ఏదో మేలు జరుగుతుందనుకున్నారు.

ఇప్పుడు దేవె చంటిబిడ్డను ఎత్తుకుని మౌనిక పక్కన నిలబడి ఉంది.

"అక్కా, నువ్వు చెప్పు. నీ మాటైతే ఇంటరు."

మౌనిక గుడిసెలు తీయిస్తున్న ఫారెస్టు రేంజర్ దగ్గరికి వెళ్లింది. మనిషి చూడ్డానికి చెడ్డవాడిలా లేడు. ఎండకు తల మీద దస్తీ కప్పుకుని, ఎప్పుడు అయిపోతుందా అన్నట్టు నిలబడ్డాడు.

"మేడం, మీరు చదువుకున్నోళ్లు. నాకు పైకెళ్లి ఆర్డరొచ్చింది. గీళ్లు మన రాష్ట్రపోళ్లు కాదు."

"గీ పిల్లలు ఈడనే పుట్టిండ్రు సార్."

"అడవిల పుట్టిండ్రని అడవి రాసియ్యాల్నా?"

పక్కనున్న గార్డులు నవ్వారు. ప్రశాంత్ వీడియో తీస్తుంటే ఒకడు వచ్చి ఫోన్ గుంజుకున్నాడు. మౌనిక కాస్త దూరం పోయి దత్తాత్రేయ సారుకు ఫోన్ చేసింది. సంస్థకు ఆయనే పెద్ద. మహబూబాబాద్‌లో తాతల నాటి నుంచి, రైతులకు అప్పులిచ్చి మిర్చి అమ్మిపెట్టే ఆడ్తి నడిపే ఇంట్లో పుట్టి, దుకాణం అన్నకు వదిలేసి చదువులోకి వచ్చిన మనిషి. వలస కూలీల మీద ఆయన రాసిన పుస్తకాలు చదివే మౌనిక ఈ దారి పట్టింది.

"నువ్వు ఆడి నుంచి వచ్చెయ్యమ్మా. మనం పరిశోధకులం. పార్టీ కాదు, సంఘం కాదు. జనగామల సదస్సు దగ్గర పడ్డది. పెద్ద ఆఫీసర్లొస్తున్నరు. వీళ్ల గురించి విధానంల ఒక మాట పెట్టిద్దాం."

"గా మాట పెట్టేదాక వీళ్లు ఏడుండాలె సార్?"

ఆయన సదస్సు తేదీ మళ్లీ గుర్తుచేసి ఫోన్ పెట్టేశాడు.

పొద్దు వాలేసరికి కట్టయ్య అనే కూలీల మేస్త్రి డీసీఎం లారీ వేసుకుని వచ్చాడు. ఎవరు కబురు చేశారో ఎవరికీ తెలియదు. "మహబూబాబాద్ దిక్కు మిర్చి ఏరేటోళ్లు లేరు. రాండ్రి. ఉండనీకి రేకుల షెడ్డిస్త, బియ్యమిస్త" అన్నాడు. దేవె భర్త జోగ కూలి ఎంతని అడిగాడు.

"ఇల్లే లేనోనికి బేరమేందిరా?"

విరిగిన వాసాల మధ్య నుంచి ఏరుకున్న గిన్నెలతో అందరూ డీసీఎం ఎక్కారు. మౌనిక ఆపలేదు. ఆపి, ఎక్కడ దిగమంటుంది?

*

ఆ డీసీఎం పోయి ఆగింది మౌనిక పుట్టిన తండాను ఆనుకుని ఉన్న చేలల్లోనే.

ఆ చేలల్లో ఏటా మిరపకాయ ఏరేది తండా ఆడవాళ్లు. ఈసారి కూలి పెంచమని గట్టిగా అడిగారు. చేల యజమానులైన ఆసాములు ఆలోచిస్తామన్నారు. వాళ్ల ఆలోచన ఇప్పుడు డీసీఎంలో వచ్చి దిగింది. ఆ సంగతి తెలిసి మౌనిక ఇల్లు చేరేసరికి తండా అంతా చేను గట్టు మీద అడ్డంగా నిలబడి ఉంది. అందరికంటే ముందు ఆమె తల్లి తుల్సీబాయి.

"నోటికాడి బువ్వ గుంజుకోనొచ్చిండ్రా? చేన్లకెళ్లి బయటికి నడువుండ్రి."

దేవె వచ్చీరాని తెలుగులో అంది, "మా ఇండ్లు కూలగొట్టిండ్రు అవ్వా."

"మేం కూలగొట్టినమా?" అంది వెనక నుంచి గోరీ అనే ముసలమ్మ.

మౌనిక మధ్యలోకి పోయి తల్లి చెయ్యి పట్టుకుంది. తమ లంబాడీ మాటలోనే చెప్పింది. "యాడీ, వాళ్లు ఇష్టపడి రాలేదు. అది బలవంతపు వలస. వాళ్లను నిర్వాసితులుగా గుర్తించాలి, రక్షణ కల్పించాలి..." చెబుతుండగానే తన మాటలు తనకే సదస్సు మాటల్లా వినిపించాయి.

"రేపు నాకు కూలి దొరుకుతుందా, దొరకదా? అది చెప్పు బిడ్డా" అంది తుల్సీబాయి.

కట్టయ్య తన బండి మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. "కొట్టుకోండ్రి. మీరు వాళ్లను కొట్టి లోపల పడుండ్రి. మిర్చి ఏరేటోళ్లు నాకు ఇంకో అడవిల దొరుకుతరు" అన్నాడు తాపీగా. తండా ఆడవాళ్లు తిట్టుకుంటూ వెనక్కి పోయారు. దేవె వాళ్లు తలలు వంచుకుని సాళ్లలోకి దిగారు.

అట్లా కొన్నాళ్లు గడిచాయి. తండా ఆడవాళ్లు గట్టు మీద, వీళ్లు చేనులో. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. మౌనిక షెడ్డుకు పోతే తండా కోపంగా చూసేది, ఇంటికి వస్తే తల్లి మాట్లాడేది కాదు. తాను ఎవరి మనిషో ఆమెకే తెలియకుండా పోయింది.

షెడ్డు రేకులు పగటిపూట పెనంలా కాలేవి. దేవె బిడ్డకు జ్వరం తగిలింది. దవాఖానకు పోయి వస్తానని దేవె అడిగితే, "చేతిల ఉన్న సాలు ఒడగొట్టి పో" అన్నాడు కట్టయ్య. సాలు అయ్యాక ఇంకో సాలు చూపించాడు. మధ్యాహ్నం దాటాక ఆమె తట్ట అక్కడే పారేసి, బిడ్డను కొంగులో కప్పుకుని గట్టు ఎక్కింది.

ఎదురుగా తుల్సీబాయి ఉంది. కొంగు తీసి బిడ్డ ఒళ్లు ముట్టుకుని చూసింది. రోడ్డు మీదికి ఉరికి, వచ్చే ఆటోకు అడ్డం నిలబడింది. మౌనిక కూడా ఎక్కింది.

మహబూబాబాద్ ఇంకా రాలేదు. దారిలోనే బిడ్డ ఊపిరి ఆగిపోయింది. దేవెకు అది తెలియలేదు. కొంగుతో బిడ్డకు విసురుతూనే ఉంది. కొంతదూరం పోయాక తుల్సీబాయి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆటో వెనక్కి తిరిగింది.

బిడ్డను ఎక్కడ పూడ్చాలన్నది తర్వాతి గొడవ. ఊరి బొందలగడ్డ దగ్గర పెద్దమనుషులు అడ్డం పడ్డారు. "మాకు పాపమనిపియ్యక కాదు. కానీ ఈ ఊరోళ్లు కాదు. ఇయ్యాల ఒకళ్లను పెట్టనిస్తే రేపు ఊరు మాదేనంటరు." జోగ బిడ్డను చేతుల మీద పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఎటు నడవాలో తెలియక ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగాడు.

"నా చెల్కల పెడదాం, రాండ్రి" అంది తుల్సీబాయి. ఆమెకున్న కొద్దిపాటి మెట్టచేను అది.

గోరీ ఎగిరిపడింది. "పరాయోళ్ల పీనుగను తండా చెల్కల ఎట్ల పెడ్తవు తుల్సీ?"

"మనోళ్లు గొడ్లను తోలుకుంట ఈ దిక్కు వచ్చినప్పుడు ఏ ఊరోళ్లు జాగిచ్చిండ్రు గోరీ? చచ్చినోళ్లను బాట పొంటి పెట్టుకుంట రాలేదా? మీ నాయినమ్మ చెప్తుండె కదా."

గోరీ ఇంటికి పోయి గడ్డపార తెచ్చింది.

ఆ చెల్కలో, మట్టి కప్పిన చోటుకు దగ్గర్లోనే, రెండు గుంపుల వాళ్లు మొదటిసారి కలిసి కూర్చున్నారు. మీటింగు అని ఎవరూ పిలవలేదు. ఎవరూ లేచి పోలేదు, అంతే. కట్టయ్య తండాకు దేవె వాళ్లను చూపించి కూలి పెరగకుండా చేశాడు, దేవె వాళ్లకు కూలిన గుడిసెలు చూపించి అంతకంటే తక్కువ ఇచ్చాడు. ఆ మాట తుల్సీబాయి తనకు వచ్చిన తెలుగులో చెప్పింది. దేవె దాన్ని తనవాళ్ల భాషలోకి మార్చింది. మౌనిక వింటూ కూర్చుంది. ఆమె నోరు తెరవాల్సిన అవసరం రాలేదు.

"చేన్లకు పోకుంటే మేం ఏం తినాలె?" అన్నాడు జోగ.

"మేం తినేదే" అంది తుల్సీబాయి.

"ఎన్ని పొద్దులు పెడ్తరు?"

"ఉన్నన్ని పొద్దులు" అంది గోరీ విసుగ్గా.

అందరికీ ఒక్కటే కూలి కావాలన్నారు. అది ఒప్పుకునేదాకా ఎవరూ చేనులో కాలు పెట్టవద్దనుకున్నారు. పెట్టలేదు. మిరపకాయ చెట్టు మీదే ఎండి రాలడం మొదలైంది. కట్టయ్య బతిమాలాడు, బెదిరించాడు. ఆసాములు ఆడ్తి దుకాణాల చుట్టూ తిరిగారు. ఆ తర్వాత వాళ్లు ఎవరెవరికి ఫోన్లు చేశారో తండాకు తెలియదు. ఒకరోజు పోలీసు జీపు వచ్చి, వేరే రాష్ట్రం వాళ్లు ఇక్కడ ఉండటానికి వీల్లేదని చెప్పి పోయింది.

"జనగామకు పో. గా పెద్దోళ్లకు మా సంగతి చెప్పు" అంది తుల్సీబాయి కూతురితో. తల్లి తనను ఒక పని అడగడం మౌనికకు ధైర్యాన్నిచ్చింది. బస్సెక్కింది.

*

జనగామలో ఫంక్షన్ హాలు నిండా కుర్చీలు, కుర్చీల నిండా పరిశోధకులు. వేదిక మీద హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి మాట్లాడుతున్నాడు. "వలస వచ్చినవారి గౌరవం, భద్రత మా విధానానికి రెండు కళ్లు. అయితే ఎవరు అర్హులో, ఎవరు కాదో మొదట తేల్చాలి. అనర్హులను వారి స్వస్థలాలకు మర్యాదగా చేర్చాలి." అందరూ చప్పట్లు కొట్టారు.

మౌనిక వంతు వచ్చింది. తెచ్చిన వ్యాసం బల్ల మీద బోర్లించి, దేవె బిడ్డ సంగతి మొదలుపెట్టింది. బిడ్డను ఆటో ఎక్కించిన దాకా చెప్పేసరికి దత్తాత్రేయ సారు పక్క నుంచి మెల్లగా అన్నాడు.

"వ్యాసం చదువమ్మా."

"ఇదే నా వ్యాసం సార్."

మైకు ఆగిపోయింది. ఆమె గొంతు పెంచి చెబుతూ పోయింది. వెనక వరసలకు వినపడలేదు. అక్కడివాళ్లు చాయ్ వచ్చిందేమోనని తలుపు వైపు చూస్తున్నారు. అప్పుడు ప్రశాంత్ లేచాడు. అతని వెనక సంస్థలోనే పనిచేసే హిమజ అనే పరిశోధక విద్యార్థిని, ఇంకా కొందరు లేచారు.

"ఊళ్లల్ల తిరిగి వాళ్ల మాటలు తెచ్చింది మేము" అంది హిమజ. "వాళ్లను పంపించమని ఎవ్వరం చెప్పలేదు. గా మాట ఏడికెళ్లి వచ్చింది?"

అధికారి నవ్వాడు. "మీరంతా కాంట్రాక్టు వాళ్లే కదా. కూర్చోండి."

"ఔ సార్, కాంట్రాక్టోళ్లమే. కట్టయ్య కింద వాళ్లున్నరు, మీ కింద మేమున్నం" అన్నాడు ప్రశాంత్.

కొందరు చప్పట్లు కొట్టబోయి, వేదిక వైపు చూసి మానుకున్నారు. నిర్వాహకులు వచ్చి మౌనికను చెయ్యి పట్టి బయటికి తీసుకొచ్చారు. వెనకే దత్తాత్రేయ సారు వచ్చాడు. ఆయన ముఖం వాడిపోయి ఉంది.

"ఆసాములు మా అన్న దగ్గరికి వచ్చిండ్రు. అన్న నాకు ఫోన్ చేసిండు. నేను ఏదీ చెయ్యలేదమ్మా, ఏదీ ఆపలేదు. నేను వేదిక మీదుంటేనే ఒక్క వాక్యమన్నా మిగులుతదనుకున్న."

"ఏ వాక్యం మిగిలింది సార్?"

ఆయన కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. అంతలో మౌనిక ఫోన్ మోగింది. గోరీ మనవరాలు. తండాకు పోలీసు వ్యాన్లు వచ్చాయట.

*

మౌనిక తండా చేరేసరికి తుల్సీబాయి, గోరీ, ఆడవాళ్లంతా వ్యాన్ల ముందు రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. వ్యాన్లలో దేవె వాళ్లను అప్పటికే ఎక్కించేశారు. మౌనిక పోయి తల్లి పక్కన కూర్చుంది. పోలీసులు ఒక్కొక్కరినీ రెక్క పట్టి ఈడ్చారు. ఈడ్చినవాళ్లు మళ్లీ వచ్చి కూర్చున్నారు. మళ్లీ ఈడ్చారు. చివరికి దారి తెరుచుకుని వ్యాన్లు కదిలాయి. దేవె వ్యాను కిటికీకున్న జాలీ కమ్ములు పట్టుకుని నిలబడింది. మౌనికను చూడలేదు. తుల్సీబాయి చెల్క కనపడినంతసేపూ ఆ వైపే చూసింది.

రోడ్డు మీద కూర్చున్న వాళ్లందరినీ స్టేషనుకు తెచ్చి ఆవరణలో దింపారు. చీకటి పడకముందే ఎస్సై బయటికి వచ్చి, సంతకాలు పెట్టి ఇళ్లకు పొమ్మన్నాడు.

"దేవె ఏడున్నది?" అంది తుల్సీబాయి.

"గోదావరి దాటిస్తున్నరు. వాళ్ల రాష్ట్రానికి."

"మళ్ల తోలుకరాండ్రి. బిడ్డ మా చెల్కల ఉన్నది. తల్లి గీడ ఉండాలె."

"గది నా చేతుల లేదవ్వా. నువ్వు ఇంటికి పో."

"గట్లయితే ఎవ్వరి చేతుల ఉన్నదో ఆళ్లను పిలువు. గప్పటిదాక గీడనే ఉంటం."

ఆమె నేల మీద కూర్చుంది. మిగతావాళ్లూ కూర్చున్నారు. మౌనికకు తెలుసు, వ్యాన్లు ఈ రోజు తిరిగి రావు. రేపూ రావు. దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు చట్టంలో ఉంది, దాంతో వాళ్లను వెనక్కి రప్పించే దారి మాత్రం ఆమెకు కనపడలేదు. ఏం చెయ్యాలో తోచక, అందరితో పాటు కూర్చుని ఉంది. ప్రశాంత్, హిమజ జనగామ నుంచి వచ్చారు. సదస్సు వందన సమర్పణతో ముగిసిందని, తమను రేపటి నుంచి పనిలోకి రావద్దన్నారని చెప్పి, వాళ్లూ పక్కన కూర్చున్నారు.

కాసేపటికి గేటు అవతల ఒక ట్రాక్టరు ఆగింది. పక్క తండా ఆడవాళ్లు దిగారు. వాళ్లను ఎవరూ పిలవలేదు. వాళ్ల వెనక ఇంకో తండా వాళ్లు నడుచుకుంటూ వచ్చారు. రేపు తమ చేలల్లో కూడా ఎవరూ మిరపకాయ ఏరబోరని ఒకామె గేటు ఊచల్లోంచి తుల్సీబాయికి చెప్పింది.

వాళ్లు లోపలికి రాకుండా ఎస్సై గేటుకు తాళం వేయించాడు. బయటివాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు.