ఇంట్లోదే కదా

"ఆ డేటాబేస్ లైబ్రరీ నువ్వు రాసిందేగా. రేపటికల్లా ఒక సంతకం పెట్టెయ్," అన్నాడు భర్త. అంటూనే ఆమె ఇస్త్రీ చేస్తున్న చొక్కా కాలరు మీద వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ ఇంకా ముడత ఉంది."

రెండు మాటలూ ఒకే గొంతుతో అన్నాడు. ఆమె ముందు కాలరు సంగతే చూసింది. అలవాటు మరి.

సంగతేమిటంటే, పెళ్లికి ముందు ఆమె ఒక చిన్న లైబ్రరీ రాసింది, అంటే ఎవరైనా తమ ప్రోగ్రాంలో కలుపుకోగల కోడ్ ముక్క. ఏ ప్రోగ్రామైనా డేటాబేస్‌తో మాట్లాడాలంటే మధ్యలో మాటలు మోసేది ఒకటి కావాలి. అలాంటిదే ఇది. దాన్ని లోకానికి ఉచితంగా ఇచ్చేసింది, ఒక్క షరతు మీద. దీన్ని మీ ప్రోగ్రాంలో కలిపి ఇంకొకరికి ఇస్తే, మీ కోడ్ కూడా వాళ్లకు ఇలాగే తెరిచి ఇవ్వాలి. భర్త కంపెనీ దాన్ని తమ ప్రోగ్రాంలో కలుపుకుని, కోడ్‌కు తాళం వేసి అమ్ముకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ కంపెనీని కొనబోతున్న పెద్ద సంస్థ వకీలు ఆ సంగతి పట్టేశాడు. షరతు సడలిస్తూ ఆమె సంతకం పెడితే గండం గట్టెక్కుతుంది. లేకపోతే బేరం పోతుంది.

"కలిపేటప్పుడు నాతో ఒక్క మాట అనలేదే," అంది.

"ఇంట్లోదే కదా. ఇంట్లో ఉన్నది వాడుకోవడానికి కూడా దరఖాస్తు పెట్టుకోవాలా?" నవ్వాడాయన.

ఒకప్పుడు ఇదే లైబ్రరీని ఆయన 'నీ అల్లికలు' అనేవాడు. ఊరికే పంచిపెట్టేదానికి ఇంత తపస్సెందుకని విసుక్కునేవాడు. పాప పుట్టాక అత్తగారు ఒకరోజు గుమ్మంలో నిలబడి, "ఆ కంప్యూటరు పాలు పడుతుందా తల్లీ?" అని ఎంతో మెత్తగా అడిగింది. మానెయ్యమని మాత్రం ఎవరూ అనలేదు. అదే తమాషా. ఆఫీసు, పాప, వంట, మడతపెట్టాల్సిన బట్టలు, వీటి మధ్య అల్లికలు వాటంతటవే ఆగిపోయాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఈ చెట్టు పనికొచ్చింది, చెట్టుకు చెప్పకుండా.

అప్పటి రోజులమీద ఆమెకు బెంగ. ఆ లైబ్రరీ పనిలో చెయ్యి కలిపిన ఒకామె, సముద్రానికి అవతల ఎక్కడో ఉండేది. కోడ్‌లో తేదీల దగ్గర లెక్క తప్పుతుంటే ఇద్దరూ రాసుకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఆ తప్పు కోసం వారాల తరబడి వెతికారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. 'నువ్వు రాసింది చదువుతుంటే సర్దిన గదిలోకి వచ్చినట్టుంటుంది' అని ఆవిడ ఒకసారి రాసింది. రోజూ గదులు సర్దే ఈ ఇంట్లో ఆమెతో అంత మంచి మాట ఎవరూ అనలేదు.

చొక్కా పక్కన పెట్టి ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. లైబ్రరీ ఉంచిన పాత చోటు తెరిచింది. దుమ్ము పట్టి ఉంటుందనుకుంది. లేదు. ఆ స్నేహితురాలు ఇన్నేళ్లూ దాన్ని చూసుకుంటూనే ఉంది. చినిగినచోట కుట్టింది, కొత్త గదులు కట్టింది. పైన మొదటి పేరు మాత్రం ఈమెదే ఉంచింది. కింద ఎప్పటిదో ఒక మాట, జవాబు లేకుండా పడి ఉంది. 'కనిపించడం మానేశావు. బాగున్నావా? నువ్వొచ్చేదాకా నేను చూసుకుంటాలే.'

ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా. ఈ ఇంట్లో తను అవసరమని చెప్పినవాళ్లున్నారు గానీ, తన కోసం ఎదురుచూసినవాళ్లు లేరు. ఇప్పుడు సంతకం పెట్టడమంటే తన ఒక్కదాని కష్టమే కాదు, ఆ షరతును నమ్మి ఆవిడ పోసిన కష్టం కూడా తాళం వేసేవాళ్ల చేతిలో పెట్టడమే.

'వచ్చాను' అని రాసింది. కాసేపు ఆ మాటనే చూసి, కింద ఇంకో ముక్క చేర్చింది. 'తేదీల దగ్గర నువ్వు చేసిన మార్పు చూశాను. ఒకచోట నాకు అర్థం కాలేదు, చెప్పవూ?'

"సంతకానికి ఆవిడ కూడా ఒప్పుకోవాలా?" భర్త వెనకాల నిలబడి తెర చూస్తున్నాడు. "అదే రాశావా?"

"లేదు. సంతకం నేనే పెట్టడం లేదు. దాన్ని మీ ప్రోగ్రాంలోంచి తీసెయ్యండి. లేదంటే మీ కోడ్ తెరవండి. రెండు దారులూ షరతులోనే ఉన్నాయి."

"తీసేసి ఇంకోటి పెట్టాలంటే నెలలు పడుతుంది. బేరం పోతుంది, తెలుసా?" ఆయన గొంతు తగ్గించాడు. "పరాయివాడు కాదు, నేను అడుగుతున్నాను. నాకు కూడా కాదంటావా?"

ఆమె లేచి, వేడిగా ఉన్న ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది. మిగిలిన చొక్కాలు అలాగే ఉన్నాయి. మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చుంది.

"మీరు అడగలేదండీ," అంది. "తీసుకున్నాక చెప్పారు."