బండి ఎవరి స్వాధీనంలో ఉంది?

దొంగతనం గురించి నాకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. చట్టం రాసిన పెద్దలు బతికుంటే, అనుమానం వచ్చినప్పుడల్లా నాకే ఫోన్ చేసేవాళ్ళు. ఈ మాట మా అత్తగారితో అన్నప్పుడు నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. నేరాల చట్టం పుస్తకం నూనె సీసాకి ఆనుకుని నా వంకే చూస్తోంది.

"ఏదీ, చెప్పు మరి. దొంగతనమంటే ఏంటి?" అంది ఆవిడ, కుర్చీలోంచి కదలకుండా.

నేను నోరు తెరిచాను. కుక్కర్ కూత పెట్టింది. ఆ కూతతోపాటు నిర్వచనం మొత్తం ఆవిరై కిటికీలోంచి వెళ్ళిపోయింది.

"అంటే... ఒకళ్ళ వస్తువు ఇంకొకళ్ళు తీసుకోవడం."

"ఓస్, ఇంతేనా! ఇది నాకూ తెలుసు. దీనికి కాలేజీ దాకా ఎందుకే, నన్నడిగితే చెప్పేదాన్నిగా."

నిజం చెప్పాలంటే పోయినేడాది లా పరీక్షల్లో నేను పోగొట్టుకున్నది ఈ పేపరే. ఆస్తికి సంబంధించిన నేరాలు. ఫెయిలవలేదు, అసలు వెళ్ళలేదు. సరిగ్గా ఆ రోజే మా ఆయన ఆఫీసరు భోజనానికి వస్తానన్నాడు. "పరీక్ష మళ్ళీ వస్తుంది, ఆఫీసరు మళ్ళీ వస్తాడా?" అన్నారు ఆయన. ఆఫీసరు వచ్చాడు, తిన్నాడు, సోఫాలో కునుకు తీశాడు. లేచి టీ తాగుతూ, "మీ మిసెస్ ఏం చేస్తుంటారు?" అని ఎదురుగా నిలబడ్డ నన్ను వదిలేసి ఆయన్ని అడిగాడు. "ఏం లేదు సార్, ఇంట్లోనే" అన్నారు ఆయన. పగలంతా ఉద్యోగం ఉన్నా ఏమీ చెయ్యని ఆ మనిషి చేతుల్లో అప్పటికి ఎంగిలి పళ్ళాలు గడ్డం దాకా ఉన్నాయి. ఆ తర్వాత ఆఫీసరు నెలనెలా వస్తూనే ఉన్నాడు. పరీక్షే ఏడాది దాకా రాలేదు.

ఈసారి ఆయన ముందే చెప్పేశారు. "ఇది కూడా కాకపోతే ఇక ఆ పుస్తకాలు కట్టిపెట్టెయ్. ఇంట్లో అందరికీ ఇబ్బంది."

బట్టీ పట్టడం నా వల్ల కాదు. అందుకని ఒక్కో నేరాన్నీ ఇంట్లో చేసి నేర్చుకున్నాను. సోఫా కింద ఆయన కళ్ళజోడు దొరికితే తిరిగివ్వకుండా నేనే పెట్టుకుని వంట చేశాను. దొరికిన సొమ్ము సొంతానికి వాడుకోవడం, ఆ పాఠం అయిపోయింది. ఆయన ఇల్లంతా వెతికారు, ఫ్రిజ్‌లో కూడా చూశారు, నా మొహం మాత్రం చూడలేదు. ఇక బెదిరించి రాబట్టుకోవడం. "ఎవరి గ్లాసు వాళ్ళు కడక్కపోతే రేపటి నుంచి టీ ఉండదు" అని ప్రకటించాను. ఒక్క పూట అందరూ కడిగారు. మా మరిది ఆ గ్లాసు పట్టుకుని పసిబిడ్డకి స్నానం చేయిస్తున్నట్టు నిలబడితే, అత్తగారు చూడలేక కన్నీళ్ళు పెట్టుకుంది.

చదివేకొద్దీ ఒక సంగతి అర్థమైంది. చట్టం కంట్లో పడాలంటే, పోయినది వస్తువై ఉండాలి. దాన్ని చేత్తో కదపగలగాలి. కరెంటు వస్తువు కాకపోయినా, పాపం అది అనాథ కాదు, దాని దొంగల కోసం వేరే చట్టం ఉంది. నా ఆదివారాలకి ఏ చట్టమూ లేదు. పగలంతా నేను పనిచేసే వకీలు గారి ఆఫీసులో వాదన నేను రాస్తాను, సంతకం ఆయన పెడతాడు, జడ్జి గారు మెచ్చుకుంటే వచ్చి, "అమ్మాయ్, నువ్వు కామాలు భలే పెడతావు" అంటాడు. ఇంటికొచ్చాక నా సాయంత్రాన్ని నలుగురూ తలో ముక్కా తీసుకుంటారు, ఎవరూ తీసుకున్నట్టు ఉండదు, నా దగ్గర మాత్రం ఏమీ మిగలదు. వెళ్ళి ఫిర్యాదు చేస్తే, ఏం పోయింది, దాని రంగేంటి, సైజెంత అని అడుగుతారు. ఏం చెప్పను? నిద్ర అండీ, నల్లగా, మెత్తగా ఉంటుంది, చివరిసారి పెళ్ళికి ముందు చూశాను.

ఒక్క వస్తువు మాత్రం ఉంది. రంగూ సైజూ నంబరూ అన్నీ ఉన్న వస్తువు. నా స్కూటర్. పెళ్ళికాక ముందు నా జీతంతో కొనుక్కున్నాను. కాపురానికొచ్చిన కొత్తలోనే దాన్ని మా మరిదికిచ్చేశారు. "బండి ఎక్కడికి పోతుంది, ఇంట్లోనే ఉంటుందిగా" అన్నారు ఆయన. "మా ఇంట్లో నీదీ నాదీ అనే మాటల్లేవమ్మా" అంది అత్తగారు. చాలా గొప్ప ఇల్లు. మరిది చార్జర్ ముట్టుకుంటే మాత్రం పైకప్పు లేచిపోతుంది. ఆయన కుర్చీ ఆయనది, బీరువా తాళాలు ఆవిడవి. నీదీ నాదీ లేనిది నా వస్తువుల దగ్గరే.

పరీక్ష ముందురోజు మరిదిని అడిగాను. "రేపొక్క పూట బండిస్తావా?"

"జిమ్‌కెళ్ళాలి వదినా. నీకు డైరెక్ట్ బస్సుందిగా."

జిమ్ మా వీధి చివరే. మా బాల్కనీలోంచి పిలిస్తే అక్కడ పలుకుతారు. మావాడు బండెక్కి అక్కడికెళ్ళి, కదలని సైకిల్ తొక్కి, మళ్ళీ బండెక్కి ఇంటికొస్తాడు.

పొద్దున్నే వంట చేసి, డబ్బాలు కట్టి, బస్టాపుకెళ్ళాను. నా తప్పేమీ లేదు. చాలాసేపు నిలబడ్డాను, బస్సు రాలేదు. ఎంతసేపంటే, స్టాపు పక్కనున్న మొక్క నా కళ్ళముందే చెట్టయి పూత పూసింది. రోడ్డుకి అటువైపు జిమ్. జిమ్ ముందు నా స్కూటర్. రెండో తాళంచెవి నా బ్యాగులోనే ఉంది, ఎందుకుందో అడక్కండి. పరీక్ష టైమైపోతోంది. ఇక ఏ ఆడదైనా ఏం చేస్తుంది?

బండి ఒక్క తాపుకే స్టార్టయింది. నన్ను మర్చిపోలేదు.

పరీక్షలో మొదటి ప్రశ్న చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. 'ఒక వ్యక్తి తన సొంత వస్తువును తానే దొంగిలించగలడా? చర్చించండి.' చర్చించాను. బాగుచెయ్యమని ఇచ్చిన వాచీని కూలి ఎగ్గొట్టి లాక్కుపోతే, యజమాని కూడా దొంగే అవుతాడు. వస్తువు ఎవరిదన్నదొక్కటే కాదు, ఎవరి స్వాధీనంలో ఉంది, ఆ స్వాధీనం న్యాయంగా వచ్చిందా, తీసినవాడి ఉద్దేశమేంటి అన్నవి కూడా చూడాలి. అడిషనల్ షీట్లు అడిగి అడిగి ఇన్విజిలేటర్ని అలసిపోయేట్టు చేశాను.

బయటికొస్తే గేటు దగ్గర మా ఆయన, జిమ్ నిక్కరులోనే మా మరిది, పక్కన ఒక లేడీ హెడ్ కానిస్టేబుల్. బండి కనిపించకపోయేసరికి మావాడు ఇంట్లో ఎవర్నీ అడక్కుండా నేరుగా స్టేషన్‌కి పరిగెత్తాడట. అక్కడ నంబరు కొట్టి చూస్తే నా పేరొచ్చింది. ఎక్కడుంటానో మా ఆయన చెప్పారు.

"ఈ బండి ఎవరిదమ్మా?" అంది హెడ్ కానిస్టేబుల్.

"నాదండీ."

"మా ఇంట్లో నీదీ నాదీ అని లేవు మేడమ్" అన్నారు మా ఆయన.

"కంప్లైంటులో మీ తమ్ముడు 'నా బండి' అనే చెప్పాడుగా?"

మరిది నిక్కరు కిందికి లాక్కున్నాడు. "అడిగితే ఇచ్చేవాణ్ణిగా వదినా!"

"నిన్న అడిగాను."

"అడిగే పద్ధతొకటుంటుంది" అన్నారు ఆయన.

"నా దగ్గర తీసుకునేటప్పుడు మీరు ఏ పద్ధతిలో అడిగారు?"

"అదేంటి, చెప్పాను కదా నీకు!"

"చెప్పారు. అడగలేదు."

హెడ్ కానిస్టేబుల్ టోపీ తీసి నుదురు తుడుచుకుంది. "ఇక్కడ దొంగతనమూ లేదు, ఏమీ లేదు. ఆవిడ బండి ఆవిడ తీసుకెళ్ళింది. ఇంటికెళ్ళి మాట్లాడుకోండి."

మా ఆయనకి అప్పుడే చుట్టూ జనం కనిపించారు. గొంతు మార్చారు. "అవునండీ, ఏముంది ఇందులో. బస్సు రాలేదు, టైమైపోతోంది, కంగారులో తీసుంటుంది. ఆడవాళ్ళ కంగారు తెలిసిందేగా. సాయంత్రం వాడి బండి వాడికిచ్చేస్తుంది."

చక్కటి దారి. తలూపితే చాలు, కథ ముగుస్తుంది. ఊపాను కూడా. "అవునండీ, బస్సు రాలేదు."

హెడ్ కానిస్టేబుల్ నన్నూ నా బ్యాగునీ మార్చి మార్చి చూసింది.

"రాకపోవడమేంటమ్మా? ఆ బస్సులోనే నేను డ్యూటీకొచ్చాను. స్టాపులో ఆగింది. సగం సీట్లు ఖాళీ. నీకోసం డ్రైవర్ హారన్ కూడా కొట్టాడు. నువ్వే వెళ్ళిపొమ్మని చెయ్యూపావు. ఈ నీలం బ్యాగే."

నా దగ్గర అబద్ధాలకి కొరత లేదు. నిలబడ్డ పాటున నాలుగైదు తట్టాయి. అది వేరే బస్సు, కళ్ళు తిరిగాయి, బ్యాగు మా చెల్లిది. కానీ ఏది చెప్పినా చివరికి 'కంగారు' దగ్గరికే వచ్చి ఆగుతుంది. సాయంత్రానికి బండి జిమ్ ముందుకెళ్ళి నిలబడుతుంది.

"వచ్చింది" అన్నాను. అవును, మీకూ అబద్ధమే చెప్పాను. "బస్సు టైముకే వచ్చింది. ఎక్కితే హాయిగా పరీక్షకి అందుకునేదాన్ని. ఎక్కలేదు. అది వెళ్ళేదాకా ఆగి, తాపీగా రోడ్డు దాటాను. నాకు కంగారేమీ లేదండీ."

"మరెందుకు తీశావ్?" అన్నారు ఆయన. ఈసారి నిజంగానే అడిగారు.

"నాది కాబట్టి."

మరిది అందరి వంకా చూశాడు. "మరి సాయంత్రం నేను జిమ్‌కెలా వెళ్ళాలి?"

"నడిచి వెళ్ళు నాన్నా, వ్యాయామమే కదా" అని బండెక్కాను. "మేడమ్, ఇంకొకటి కూడా రాసుకోండి. తిరిగిచ్చే ఉద్దేశం తీసేటప్పుడే నాకు లేదు."