వాల్వులు వేడెక్కే దాకా

నా భార్య జాయ్ పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడికలో గిటారు వినపడాలని పాస్టరుగారు అన్నారు. గిటారు ఉంది. వాయించే మనిషి పోయింది. దాన్ని పలికించే వాల్వుల యాంప్లిఫయరు సెట్టు మొన్నటి వరదలో మునిగింది.

ఆ సెట్టు మా పెళ్ళయిన కొత్తలో నేను చేసింది. తాటిపాకలో నాకు మైకు సెట్ల కొట్టు ఉంది. చదువు ఊరి బడితో సరి. పాత రేడియోల్లోంచి గాజు వాల్వులు ఏరి, ట్రాన్స్‌ఫార్మరు చేత్తో చుట్టి కట్టాను. జాయ్ గట్టిగా మీటితే ఆ సెట్టు కాస్త బొంగురుపోయి, మెల్లగా సర్దుకునేది. మా లంకలో అందరికీ అదే జాయ్ గొంతు. అది మళ్ళీ మందిరంలో వినపడాలి. నాకు కావలసింది అంతే.

వాయించడం నాకు రాదు. వచ్చినవాడు ఒక్కడే, జాయ్ తమ్ముడు సత్యం. అక్కే నేర్పింది. కువైట్‌లో ఉంటాడు. అక్కను సమాధి చేస్తుంటే ఫోనులో చూశాడు. సెలవు దొరకలేదన్నాడు. అతనితో మాట్లాడటం నేను ఆ రోజే మానేశాను. ఈసారి సెలవు దొరికిందట. లాప్‌టాపు చంకన పెట్టుకుని కొట్టుకు వచ్చాడు.

“బావగారూ, మీ సర్క్యూట్ గీసివ్వండి. ఇందులో కట్టేస్తాను.”

“దేంతో?”

“అంకెల్తోనండి. ఏ వాల్వు ఏం చేస్తాదో లెక్క కట్టి ఇదే పలుకుతాది. షాకు కొట్టదు, కాలిపోదు.”

“చూడ్డం, వినడం అన్నీ అందులోనే కదా నీకు.”

అతను తల వంచుకున్నాడు. నేను గీసిచ్చాను. చెయ్యి అతనిది, అవసరం నాది.

నా పని నేను మొదలుపెట్టాను. చెక్కపెట్టె ఎండలో ఆరబెట్టాను. ట్రాన్స్‌ఫార్మరు విప్పి కొత్త తీగ చుట్టాను. వాల్వులు బురద కడిగితే బతికే ఉన్నాయి. గాజు లోపలికి నీళ్ళు పోవు. సత్యం రోజూ వచ్చి బల్లకు అటు చివర కూర్చునేవాడు.

“బావగారూ, పొగొస్తందండి.”

“నీ దాంట్లో రాదా?”

“రాదండి.”

“అయితే నీ దాన్నే చూసుకో.”

రెండూ తయారైన రోజు ముందు అతనిది విన్నాం. గిటారు తీగ లాప్‌టాపుకు తగిలించి మీటాడు. శుభ్రంగా, బిగుసుకుపోయినట్టు పలికింది. జాయ్ కాదు. తర్వాత నాది పెట్టాం. అదే చప్పుడు. అదీ జాయ్ కాదు. నేను ప్రతి అతుకూ చూశాను. అతను ప్రతి అంకే చూశాడు. తప్పు దొరకలేదు.

మా పక్కింటి సుగుణమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. జాయ్ వాయించే పాటలకు గొంతు కలిపిన మనిషి.

“ఇద్దరూ కలిసి ఎవరో కొత్త పిల్లని తెచ్చేరు. మా జాయ్ ఏదర్రా?” అంది.

సత్యం నా వైపు తిరిగాడు. “బావగారూ, అప్పట్లో మందిరంలో కరెంటు ఎలా ఉండేదండి?”

“లైనుకు చిట్టచివర. పొద్దుపోతే కరెంటు తగ్గి, బల్బులో తీగ ఎర్రగా కనపడేది.”

అతను ఒక అంకె మార్చి మళ్ళీ మీటాడు. బొంగురుపోయింది. సర్దుకుంది.

సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“కరెంటు తగ్గించేనండి, అంతే,” అన్నాడు సత్యం. “కూడికలో ఇదే పెట్టేద్దాం. చాలదాండి?”

నాకు తట్టనిది అతనికి తట్టింది. కాదనను.

“చాలదు,” అన్నాను.

అటక మీద పాత స్టెబిలైజరు ఉంది. ఆ రోజుల్లో టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉండేది. తక్కువ కరెంటును ఎక్కువ చేసేది. దాన్ని తిరగేసి కలిపాను. ఇప్పటి మంచి కరెంటు అప్పటి కరెంటు అయింది.

కూడిక సాయంత్రం. మందిరం నిండింది. నేను స్విచ్చి వేశాను. సత్యం తీగ మీటాడు. సెట్టు పలకలేదు. కంగారుగా నా వైపు చూశాడు.

“ఆగు,” అన్నాను.

ఆ కరెంటుకు వాల్వులు వేడెక్కడం ఆలస్యం. జాయ్ ఉన్నప్పుడు సెట్టు వేడెక్కే దాకా అందరూ మౌన ప్రార్థన చేసేవారు. అది మా మందిరం అలవాటు. ఇప్పుడూ ఎవరూ చెప్పలేదు. సుగుణమ్మ ముసుగు వేసుకుని తల వంచింది. వెనక వరసలూ వంచాయి. కొత్తగా వచ్చిన పాస్టరుగారు అటూ ఇటూ చూసి తానూ కళ్ళు మూసుకున్నారు. సత్యం తీగల మీద వేళ్ళు పెట్టి కూర్చున్నాడు. అక్క కోసం అతను కాచుకుని ఉండటం నేను చూడటం అదే మొదలు.

పెట్టె వెనక ఎరుపు కనపడింది. సన్నగా గుయ్యిమంది. సత్యం జేబులోంచి ఫోను తీసి, రికార్డింగు పెట్టి, కుర్చీకి ఆనించాడు. నేను వెళ్ళి ఆపేసి నా జేబులో వేసుకున్నాను.

“బావగారూ, అక్కడికెళ్ళేక వినడానికండి,” అన్నాడు మెల్లగా.

“నీ లాప్‌టాపులో ఉంది కదా.”

“అది వేరండి.”

“అయితే వచ్చి విను.”

అతను గిటారు ఒళ్ళోకి సర్దుకున్నాడు. వాయించాడు. జాయ్ వినపడింది. నేను ఎవరి మొహమూ చూడలేదు. వాల్వులు చూస్తూ నిలబడ్డాను.

అందరూ వెళ్ళాక ఫోను ఇచ్చేశాను.

“వచ్చే ఏడు కూడా సెలవు అడుగుతానండి,” అన్నాడు.

“అడుగు.”

“ఆయ్.”

సెట్టు మోసుకొస్తానని చెయ్యి వేయబోయాడు. వేడిగా ఉంది, ముట్టుకోవద్దన్నాను.