గడ్డిరసానికి తోడు

నేను ఒక స్టీలు తొట్టిని. పుట్టింది పాల కోసం. డెయిరీ మూతపడ్డాక పాత సామాన్ల కొట్లో పడి ఉంటే, హైమావతి వచ్చి నా కడుపులోకి తల దూర్చి చూసి మరీ కొనుక్కుంది. పెన్న ఒడ్డున ఆమెకో షెడ్డు ఉంది. నేపియర్ గడ్డిని పిండి, పిప్పిని పశువులకూ, రసంలోని మాంసకృత్తులను కోళ్ల దాణాకూ అమ్ముతుంది. చివర మిగిలే గోధుమరంగు రసం ఎవరికీ అక్కర్లేదు. ఒకసారి కాలువలోకి వదిలితే చేపలు చచ్చి తేలాయి. "ఇంకొక్కసారి వదిలితే షెడ్డుకు తాళం ఏస్తాం" అన్నారు కింది పొలాలవాళ్లు.

అందుకే నన్ను తెచ్చింది. ఆ రసాన్ని కాచి, చల్లార్చి, సూక్ష్మజీవుల తోడు వేస్తే పులిసి ఆమ్లమవుతుంది. దాంతో మందులూ, మట్టిలో కలిసిపోయే కప్పులూ చేస్తారట.

మొదటిసారి రసం నిండా పోసిన సాయంత్రం నాకు ఒకటే గుబులు. ఆలస్యమైతే అది కుళ్లిపోతుంది. ఆ కంగారులోనే హైమావతి, ఇంట్లో రోజూ పాలు తోడుపెట్టే మనిషై ఉండి కూడా, వేడి తగ్గకుండానే తోడు పోసేసింది! ఒళ్లు కాలిపోతోందని చెప్పడానికి నాకు నోరేదీ? కాసేపటికి నామీద చెయ్యి వేసి, "అయ్యో, అన్నిట్నీ చంపేస్తినే!" అని నెత్తి కొట్టుకుంది.

చల్లగా ఉండాలని దాచిపెట్టిన ఇంకొక్క సీసా తోడు మాత్రం పక్కింటి గంగరత్నమ్మ ఫ్రిజ్‌లో ఉంది. హైమావతి పరుగెత్తింది. గోడవతలే కాబట్టి అంతా విన్నాను.

"దీపం పెట్టినాక తోడు ఇయ్యకూడదు మే. ఇంట్లో లచ్చిమి పోతాది."

"అది పెరుగు తోడు కాదక్కా! ఈ రసం కుళ్లిపోతే నా షెడ్డే పోతాది!"

"ఏ తోడైతేనేం? తోడు తోడే."

ఫ్రిజ్ కొనుక్కున్న ఇంట్లో ఈ పట్టింపేమిటో! స్టీలుకు చెమట పడుతుందంటే మీరు నమ్మరు గానీ, నాకు పట్టింది. హైమావతి ఒట్టి చేతులతో తిరిగొచ్చి నా పక్కనే కూలబడింది.

రసం గోరువెచ్చనయ్యే వేళకు తలుపు చప్పుడైంది. కొంగు కింద సీసాతో గంగరత్నమ్మ!

"నేను ఎవురికీ ఇయ్యలేదు మే. ఈ పొద్దుకు ఈ తొట్టి మా యింటిదే. నా తొట్లో నేను పోసుకుంటాండా."

పోసింది. ఇద్దరూ ఇక కదల్లేదు. నా లోపల ఏదైనా కదులుతోందా అని నేనూ ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నాను.

తెల్లవారాక హైమావతి పులుపు తేల్చే కాగితం ముక్క ముంచి చూసింది. రంగు మారింది. ఘుమ్మని పుల్లటి వాసన. ఆమె నన్ను కావలించుకుని భోరుమంది.

డెయిరీలో నా కడుపులో ఏదైనా పులిస్తే బూతులు తిట్టి కడిగేవాళ్లు. పులిసినందుకు ఒక మనిషి ఆనందంతో ఏడవడం నేను చూడటం అదే మొదలు.